లోటు ఎవరికి, మాత్ర ఎవరికి?

నేను రక్త పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. సూది గుచ్చేటప్పుడు భయం తెలియకుండా ఉండాలని చాలామంది ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటారు. ఆ మాటల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది: "నాకు ఏ జబ్బూ లేదండీ. అయినా రోజూ ఒక మల్టీవిటమిన్ వేసుకుంటే మంచిదే కదా?" ఎవరికి ఏ మందు అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. అయితే అన్ని రకాల తిండీ తింటూ, ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్లకి రోజువారీ విటమిన్ మాత్ర అక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

విటమిన్ల సంగతి మనకి తెలిసిందే లోటు వల్ల. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు, విటమిన్ సి లోటు వల్ల వచ్చే స్కర్వీ జబ్బుతో బాధపడుతున్న 12 మంది నావికులని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో రకం వైద్యం చేశాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరూ అందరికన్నా త్వరగా కోలుకున్నారు. లోటు ఉన్న ఒంటికి సరైన విటమిన్ అందితే అంత మార్పు కనిపిస్తుంది. అది చూశాక, లోటు లేని మనిషి కూడా ఇంకాస్త తీసుకుంటే ఇంకాస్త బాగుంటాడని అనిపించడం సహజమే. కానీ ఒంటికి కావాల్సింది చాలా కొంచెం. పెద్దవాళ్లకి రోజుకి 2.4 మైక్రోగ్రాముల బి12 చాలు. పైగా కాలేయం దాన్ని ఏళ్ల తరబడి సరిపోయేంత దాచిపెట్టుకుంటుంది. నిండిన కుండలో నీళ్లు పోస్తే పొర్లిపోయినట్టు, ఎక్కువైన విటమిన్ సి మూత్రంలో పోతుంది. ఏ, డి విటమిన్లు అలా పోవు, ఒంట్లో పేరుకుంటాయి. నీళ్లలో కరిగేదే కదా అని బి6ని పెద్ద డోసుల్లో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి.

"మా బంధువు రోజూ వేసుకుంటారు, ఎంత హుషారుగా ఉంటారో" అనే మాట కూడా వింటుంటాను. విటమిన్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లు ఎవరో గమనించండి. ఎక్కువమంది ముందునుంచే తిండి విషయంలో జాగ్రత్తగా ఉండేవాళ్లు, సిగరెట్ ముట్టనివాళ్లు, నడకకి వెళ్లేవాళ్లు. వాళ్ల హుషారులో మాత్ర వాటా ఎంతో పక్కనుంచి చూసి చెప్పలేం. అందుకే కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి పోల్చి చూసిన ట్రయల్స్ మీదే నాకు గురి.

అలాంటి వాటిలో పెద్దది అమెరికాలో 14,641 మంది మగ డాక్టర్లమీద జరిగింది. అందరూ 50 ఏళ్లు, ఆ పైబడినవాళ్లే. పదకొండేళ్లకు పైగా మల్టీవిటమిన్ తీసుకున్నవాళ్లలో క్యాన్సర్లు 8 శాతం తగ్గాయి. గుండెజబ్బుల్లో మాత్రం తేడా రాలేదు. ఆ 8 శాతాన్ని నేను దాచను. 60 దాటినవాళ్లలో జ్ఞాపకశక్తికి కొద్దిపాటి మేలు కనబడిన ట్రయల్ కూడా ఉంది. ఇలాంటివన్నీ కలిపి చూసిన అమెరికా నిపుణుల బృందం, గుండెజబ్బుల్నీ క్యాన్సర్‌నీ ఆపడానికి మల్టీవిటమిన్ వాడమనడానికి గానీ, వద్దనడానికి గానీ ఆధారాలు చాలవని 2022లో తేల్చింది. విటమిన్ డి సంగతి మరీ స్పష్టం. 25,871 మంది పాల్గొన్న ట్రయల్‌లో రోజుకి 2,000 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నా కొత్తగా క్యాన్సర్లు రావడం తగ్గలేదు, గుండెపోట్లు తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు.

"మేలు చేయకపోతే పోనీ, కీడైతే చేయదు కదా!" ఈ మాట దగ్గరే నాకు ఆందోళన మొదలవుతుంది.

రంగురంగుల కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని పరిశోధకులు గమనించారు. ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ అనే పదార్థం వాళ్ల రక్తంలో ఎక్కువగా ఉండేది. మరి దాన్నే మాత్రగా ఇస్తే? ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో ట్రయల్ చేశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది! అనుకోకుండా అలా వచ్చిందేమోనని అనుమానించినవాళ్లున్నారు. 1996 జనవరిలో అమెరికాలో ఇంకో ట్రయల్‌ని గడువుకన్నా 21 నెలల ముందే ఆపేయాల్సి వచ్చింది. బీటా కెరోటిన్, విటమిన్ ఏ కలిపి తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్లు 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువగా కనబడ్డాయి. వాళ్లు పొగతాగేవాళ్లు, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు కదా, మనకేంటి అనుకోవచ్చు. కానీ 35 వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన మగవాళ్లతో జరిగిన వేరే ట్రయల్‌లో రోజూ 400 యూనిట్ల విటమిన్ ఈ తీసుకున్నవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. వాళ్లందరూ క్యాన్సర్ రాకూడదనే ఆ మాత్రలు మింగారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా ల్యాబ్‌లో రోజూ చూసే తంటా ఇంకొకటుంది: బయోటిన్ అనే బి విటమిన్. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాములు సరిపోతుంది. జుట్టు కోసం, గోళ్ల కోసం అని అమ్మే మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు కూడా ఉంటాయి. మేం వాడే టెస్ట్ కిట్లలో చాలావాటి పనితీరు, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కి బయోటిన్ గట్టిగా అతుక్కోవడం మీదే ఆధారపడి ఉంటుంది. రక్తంలో బయోటిన్ మోతాదు మించితే కిట్ మోసపోతుంది. థైరాయిడ్ పరీక్షలో కొలిచే హార్మోన్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ, టీ3, టీ4 ఎక్కువ చూపిస్తుంది. కాగితం మీద అది అచ్చం థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్న మనిషి రిపోర్టే. మనిషిని చూస్తే గుండెదడ లేదు, చేతులు వణకడం లేదు, బరువు తగ్గలేదు. అలాంటి రిపోర్టు కనబడగానే నేను ఫోన్ చేసి మొదట అడిగేది జుట్టు మాత్రల గురించే. "అది మందు కాదు కదండీ, అందుకే చెప్పలేదు" అంటారు. కొన్నాళ్లు మానేసి మళ్లీ రక్తం ఇస్తే అన్నీ మామూలుగా వస్తాయి. ఈలోపు వాళ్లు పడే టెన్షన్ ఎంతని! గుండెపోటుని పట్టుకునే ట్రోపోనిన్ పరీక్షలో ఇదే జరిగితే టెన్షన్‌తో పోదు. బయోటిన్ వల్ల ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించి ఒక మనిషి చనిపోయినట్టు తమకి సమాచారం అందిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కాబట్టి రక్తం ఇచ్చేముందు మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరూ చెప్పండి, అది విటమినే అయినా సరే.

ఇక నిజంగా అవసరమైనవాళ్లు. నాకు ఎక్కువ దిగులు వీళ్ల గురించే, ఎందుకంటే చాలాసార్లు మాత్ర అందనిది వీళ్లకే. బిడ్డ కావాలనుకునే ప్రతి స్త్రీకి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కావాలి. కడుపులో పిండానికి వెన్ను, మెదడు ఏర్పడే నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిందనే తెలియదు. తెలిశాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి పెద్ద డోసు ఫోలిక్ యాసిడ్ ముందునుంచే ఇస్తే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో వచ్చిన ట్రయల్ చూపించింది. ఒక విటమిన్ నుంచి ఇంతకన్నా గొప్ప ఫలితం ఏం కావాలి!

మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్లకి బి12 బయటనుంచి అందాల్సిందే. వయసు పైబడ్డవాళ్లలో కొందరి కడుపు తిండిలోని బి12ని సరిగా తీసుకోలేదు. ఎసిడిటీ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి కూడా అది తగ్గిపోవచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్నవాళ్లదీ ఇదే పరిస్థితి. బి12 తగ్గితే అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి. అవి షుగర్ వల్లే వచ్చాయనుకుని ఊరుకుంటారు. మీ ఇంట్లో మెట్‌ఫార్మిన్ వాడే పెద్దవాళ్లుంటే, ఈసారి షుగర్ పరీక్ష రాయించుకునేటప్పుడు బి12 కూడా చూడాలేమోనని డాక్టరుని అడగండి.