నానుతాడు, తేగలు, పావుకిలో మిరపకాయలు

శ్రీలంక వెళ్తున్నామని చెప్పినప్పుడు మా బంధువుల్లో ఒక్కరూ అక్కడ ఏం చూస్తారని అడగలేదు. అందరి నోటా బంగారం మాటే. నానుతాడు తీసి లాకర్లో పెట్టమని మా పెద్దాడపడుచు, సూత్రాలు పసుపుతాడుకు మార్చుకుని గిల్టు గాజులు వేసుకెళ్లమని మా పిన్ని. వచ్చేటప్పుడు కస్టమ్స్‌లో ఒంటిమీదవి కూడా తీయించేస్తారట. చెన్నై విమానాశ్రయంలో ఒక శ్రీలంక నవవధువు తాళిగొలుసును స్వాధీనం చేసుకున్న సంగతి, దాన్ని మద్రాసు హైకోర్టు తప్పుపట్టి తిరిగిచ్చేయమన్న సంగతి అప్పుడే పేపర్లలో వచ్చింది. మావాళ్లకు అందులో మొదటి సగమే గుర్తుంది. నాకు ఒళ్లు మండింది. ట్రింకోమలీలో శాంకరీదేవిని చూడబోతూ మెళ్లో తాడు తీసి లాకర్లో పెట్టడమేమిటి?

మావారు గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కాగితం మీద లేని మాటను ఆయన లెక్కలోకి తీసుకోరు. కూర్చుని నిబంధనలన్నీ చదివారు. అప్పట్లో అమల్లో ఉన్న 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం యాభై వేల రూపాయల సరుకు వరకూ సుంకం ఉండేది కాదు, ఆ పైన 38.5 శాతం ఉండేది. ఆడవాళ్లకు 40 గ్రాముల నగల మినహాయింపు అంటారే, అది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే, అదీ అప్పట్లో లక్ష రూపాయల విలువ దాకానే. నాలుగు రోజులు తిరిగొచ్చే మాబోటి వాళ్లకు కాదు. అయితే వెళ్లేటప్పుడే నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, వచ్చేటప్పుడు అవి మన దగ్గర్నుంచి వెళ్లినవేనని రుజువు. మా కంసాలి దగ్గర తూకం వేయించి, పాత బిల్లులు వెతికి, ఫొటోలు తీయించి, నాగపట్నంలో ఓడ ఎక్కే రోజు ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆయన కుర్చీలో కూర్చోలేదు.

ట్రింకోమలీ గురించి పెద్దగా రాయను. కోణేశ్వరం కొండ, కింద లోతైన నీలం నీళ్లు, పోర్చుగీసువాళ్లు కూల్చేసిన గుడి తర్వాత కట్టిన గుడి. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదాన్ని చూశామన్న తృప్తి మిగిలింది. అక్కణ్ణుంచి జాఫ్నాకు బస్సులో వచ్చాం. నల్లూరు కందస్వామి గుడి, 1981లో తగలబెడితే మళ్లీ కట్టుకున్న గ్రంథాలయం చూశాం. ఆ తెల్లటి భవనం ముందు మావారు చాలాసేపు నిలబడ్డారు.

జాఫ్నా బజారు మాత్రం మర్చిపోలేను. ఎటు చూసినా తాటి సరుకే. తాటి బెల్లం, తాటాకు బుట్టలు, తాండ్ర, ఉడకబెట్టి ఎండబెట్టిన తేగ ముక్కలు. మా అమ్మమ్మగారి ఊరు బాపట్ల పక్కన. సంక్రాంతికి కుంపట్లో కాల్చిన తేగలు చీల్చుకుని తినడం తప్ప, వాటిని ఎండబెట్టి ఏడాదంతా దాచుకోవచ్చని నాకు తెలియదు. రెండు పొట్లాలు కొన్నాను.

ఆ పక్క కొట్లోనే ఎండుమిరప బస్తాలు. మాది గుంటూరని చెప్పగానే కొట్టాయన బస్తా మీద అరచేత్తో చరిచి, 'మీదే!' అన్నాడు. మావారు ఒక కాయ తీసి తొడిమ విరిచారు. గింజ రంగు చూశారు, ముడత చూశారు, వాసన చూశారు. '334' అన్నారు, అంటే మా గుంటూరు మిరప రకమే. ధర అడిగి, మన రూపాయికి వాళ్లవి మూడు పైచిలుకు కదా, భాగించుకుని ఊరుకున్నారు. అది 2025 మార్చి. ఫిబ్రవరిలో ఇక్కడ ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. అంటే కిలోకి 118 కూడా లేదు. కొట్లో చెప్పిన ధర దానికి రెట్టింపు దాటింది. మధ్యలో లారీ, ఓడ, సుంకం, దళారీ ఉంటారు, నిజమే. కానీ బస్తాలు మోసుకుని యార్డుకొచ్చి, రేటు విని తలకాయ పట్టుకుని కూర్చున్న రైతుల్ని ఆ నెలలోనే చూశాం మేం. ఆయన పావుకిలో తూయించి బిల్లు రాయించుకున్నారు. ఎందుకండీ అంటే, 'చూపించాలి' అన్నారు.

మర్నాడు జాఫ్నా దగ్గరి కాంకేసన్‌తురై రేవు నుంచి ఓడ. పేరు శివగంగై, నూట యాభై మంది పడతారు. అరవై నాటికల్ మైళ్లకు నాలుగు గంటలు. ఈ సర్వీసు 2023 అక్టోబరులో మొదలై, ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ నడిచింది. ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు ఆపేస్తారు, కాబట్టి వెళ్లేవాళ్లు తేదీలు చూసుకోవాలి. 1964 తుపానులో ధనుష్కోడి కొట్టుకుపోయేదాకా మద్రాసులో టికెట్ కొని, రైలు దిగి ఓడెక్కి, అవతల మళ్లీ రైలెక్కి కొలంబో చేరేవాళ్లని మావారికి వాళ్ల షావుకారు చెప్పేవాడట.

నా పక్క సీట్లో జాఫ్నా ఆవిడ, నా ఈడే. కూతురి పెళ్లికి చీరలు కొనడానికి కాంచీపురం వెళ్తోంది. నాకు తమిళం అంతంత మాత్రం. మావారికి యార్డుకొచ్చే తమిళ వ్యాపారుల పుణ్యమా అని బాగానే వచ్చు. కొంత ఆయన చెప్పగా, కొంత ఆవిడ ఇంగ్లీషులో చెప్పగా తెలిసింది. ఈ సముద్రం దాటడం ఆవిడకు కొత్త కాదు. 1990లో యుద్ధం మళ్లీ రాజుకున్నప్పుడు చేపల పడవలో రాత్రిపూట తల్లితో రామేశ్వరం వైపు వచ్చింది. ముందు మండపం శిబిరం, తర్వాత ఇంకో శిబిరం. బడి కూడా తమిళనాడులోనే. 'అప్పుడు ఏమీ తెచ్చుకోలేదక్కా, ఎవరూ ఏమీ అడగలేదు' అంది. అని ఒళ్లో ఉన్న హ్యాండ్‌బ్యాగు తెరిచి పాస్‌పోర్టు, వీసా, టికెట్ మరోసారి సరిచూసుకుంది. కిటికీ అవతల నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆ నీళ్ల మీద, చీకట్లో, పిల్లల్ని నోరెత్తనివ్వకుండా పొదివి పట్టుకుని ఎంతమంది తల్లులు వచ్చి ఉంటారో అనుకుంటే నాకు మాట రాలేదు. నా బంగారం టెన్షన్ అక్కడితో పోయింది.

నాగపట్నంలో దిగాక ఇమిగ్రేషన్‌లో ఆవిడది వేరే వరుస, మాది వేరే. ముద్ర పడింది, సామాను ఎక్స్‌రేలోంచి వెళ్లింది. మా పెద్ద బ్యాగు మీద సుద్దతో గీత గీసి పక్కన పెట్టారు.

బల్ల వెనక కస్టమ్స్ అధికారి, ఒక అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో. ముందు నా మెడకేసి చూసింది. మావారు సర్టిఫికెట్ తీశారు. ఆ అమ్మాయి అందులోని ఫొటోలతో నానుతాడును, గాజుల్ని ఒకదాని తర్వాత ఒకటి పోల్చుకుంది. నన్ను తాడు తీయమనలేదు. కొంచెం ముందుకు వంగమంది, పైనుంచే సూత్రాలు చూసి, 'సరేనమ్మా' అని కాగితం ఇచ్చేసింది. నిమిషం పట్టలేదు.

అసలు ఆలస్యం తేగల దగ్గర. బ్యాగు జిప్పు తీసి, చీరల మధ్య నుంచి పొట్లాలు బయటికి తీసింది. మొలకెత్తేవి, మట్టి అంటినవి రానివ్వకూడదట. మా ముందు ఒక పెద్దాయన మట్టితో సహా తెచ్చుకున్న మల్లె మొక్కను అక్కడే వదిలేయాల్సొచ్చింది, పాపం. పొట్లం విప్పి ఒక ముక్క తీసి రెండు వేళ్లతో విరిచింది. టప్పున విరిగింది. వాసన చూసింది, పై అధికారిని పిలిచి చూపించింది. ఉడికించి ఎండబెట్టినవని మావారు తమిళంలో చెప్పారు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నంతసేపూ నేను ఆ ముక్కనే చూస్తూ నిలబడ్డాను. చివరికి పొట్లం మళ్లీ కట్టి, 'మా ఊళ్లోనూ దొరుకుతాయమ్మా ఇవి' అంది.

తర్వాత మిరపకాయలు. పాస్‌పోర్టులో ఊరు చూసి, కాయలు చూసి, ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. గుంటూరు వాళ్లు జాఫ్నా నుంచి మిరపకాయలు తేవడమేమిటని అడిగింది. మావారు చెప్పారు. ఇవి మా దగ్గరివేనని, అక్కడ ఈ ధర, ఇక్కడ రైతుకు ఈ ధర అని, బిల్లుతో సహా బల్ల మీద పెట్టి చెప్పారు. వెనక వరుస పెరిగిపోతోంది. ఆవిడ మాత్రం ఆయన్ని తొందరపెట్టలేదు. బిల్లు చదివి, 'మా నాన్నది వరి సాగు' అంటూ అన్నీ తనే తిరిగి బ్యాగులో సర్దింది. నా చీరల మడత చెడకుండా సర్దింది. ఆ సంగతి ఎక్కడైనా రాయాలని అప్పుడే అనుకున్నాను.

బయట ఆటోవాళ్లు ఓడ దిగిన వాళ్లని చూస్తే రేటు పెంచేస్తారు. స్టేషన్‌కు మూడొందల యాభై అన్నాడు ఒకతను. పక్కనే ఉన్న వేళాంకణ్ణి వెళ్లొచ్చిన గుంటూరు వాళ్లందరికీ నాగపట్నంలో ఆటో ఎంతో తెలుసు. నేను వాదిస్తుండగా వెనకనుంచి జాఫ్నా ఆవిడ వచ్చి నాలుగు మాటల్లో నూట ఇరవైకి దింపేసింది. ముగ్గురం కలిసే వెళ్లాం. మంగళగిరి చీరలు కూడా చూడమని చెబితే రాసుకుంది, ఎంత దూరమని అడిగింది. చెన్నై నుంచి ఒక రాత్రి ప్రయాణమంటే ఆలోచనలో పడింది.

రాత్రి బండిలో చెన్నై, మర్నాడు ఇంకో బండిలో తెనాలి. గుంటూరు ప్యాసింజరు కోసం బెంచీ మీద కూర్చోగానే మావారు ముందు ఫోన్ చేసింది పిల్లలకు కాదు, యార్డులో ఉన్న స్నేహితుడికి. 334 ఎంత పలికిందని అడిగారు. మేం వెళ్లేటప్పటి ధరే. జాఫ్నా రేటు చెబితే అవతలాయన నమ్మలేదు. 'బిల్లుంది, పొద్దున్నే తీసుకొస్తా' అన్నారు మావారు.