షుగర్ ఉన్నవాళ్ల కంటి ఫోటో: చీకటి గది నుంచి ఎగ్మూరు దాకా

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క. ఆ సర్వేను ముందుండి నడిపించింది మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషనే. షుగర్ కంటి లోపలి వెనక పొర అయిన రెటీనాను దెబ్బతీస్తుంది. ఇంతమంది రెటీనాను ఏటా కంటి డాక్టరే కూర్చుని చూడాలంటే అయ్యే పని కాదు. అందుకే ఫోన్‌కు లెన్సు బిగించి ఫోటో తీయడం, దాన్ని ఏఐతో చదివించడం వచ్చాయి. చదవడం ఏఐకి బాగానే వచ్చు. 2016లో గూగుల్ ప్రచురించిన పరిశోధనలో ఏఐకి నేర్పడానికి వాడిన 1,28,175 ఫోటోల్లో చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయ, అరవింద్ ఆసుపత్రుల ఫోటోలూ ఉన్నాయి. ఆ తర్వాత థాయ్‌లాండ్ క్లినిక్‌లలో ఆ కంపెనీ ఏఐనే వాడి చూస్తే, ఐదింట ఒక వంతుకు పైగా ఫోటోలను నాణ్యత చాలదని పక్కన పెట్టేసింది. గదిలో వెలుతురు ఎక్కువ కావడం అందుకు ఒక ముఖ్య కారణం.

కాబట్టి క్లినిక్‌లోనో క్యాంపులోనో ఈ పని మొదలుపెట్టేవాళ్లు సాఫ్ట్‌వేర్ ధర అడిగే ముందు గదిని చూసుకోవాలి. ట్యూబ్‌లైటు ఆర్పితే చాలదు. కిటికీకి నల్లగుడ్డ కట్టాలి, తలుపు సందులోంచి వచ్చే వెలుగునూ ఆపాలి. మనిషిని ఐదు నిమిషాలు ఆ చీకట్లో కూర్చోబెడితే కంటిపాప దానంతట అదే పెద్దదవుతుంది. ఒక కంటికి ఫ్లాష్ కొడితే రెండో కంటిపాప కూడా చిన్నదైపోతుంది. అందుకని రెండో కన్ను తీసే ముందు మళ్లీ రెండు మూడు నిమిషాలు ఆగాలి. క్యూ పెరిగినప్పుడు అందరూ వదిలేసేది సరిగ్గా ఈ విరామమే. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ కారులోంచి దించిన లెన్సు మీద వెంటనే ఆవిరి పడుతుంది. క్యాంపు మొదలయ్యే వేళకు చాలా ముందే దాన్ని బయట పెట్టాలి.

ప్రతి కంటికీ రెండు ఫోటోలు కావాలి: చూపు కేంద్రమైన మాక్యులా మధ్యలో ఉండేలా ఒకటి, కంటి నరం మొదలయ్యే డిస్క్ మధ్యలో ఉండేలా ఒకటి. కంటి ముందు భాగాన్ని కూడా ఒకటి తీసి ఉంచితే, ఫోటో మసకగా రావడానికి శుక్లం కారణమా కాదా అన్నది తర్వాత తేలుతుంది. కుడి ఎడమలు తారుమారైతే పట్టుకునే గుర్తు ఉంది: కుడి కంటి ఫోటోలో డిస్క్ కుడివైపున ఉంటుంది, ఎడమ కంటి ఫోటోలో ఎడమవైపున. ఫోటో అంచున నల్లటి నెలవంక వస్తే కంటిపాప చిన్నగా ఉందనో, కెమెరా పక్కకు జరిగిందనో అర్థం. చుట్టూ తెల్లటి పొగలా వస్తే లెన్సుకూ కంటికీ దూరం సరిగ్గా కుదరలేదు. వేర్వేరు మనుషుల ఫోటోల్లో ఒకే చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తే అది ఎవరి రెటీనాలోనూ లేదు, లెన్సు మీది దుమ్ము. చొక్కా అంచుతో కాకుండా లెన్సు పేపరుతో తుడవాలి. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. జబ్బు మొదట్లో ఉండే సూదిమొనంత ఎర్ర చుక్కలు మాయమయ్యేది అక్కడే.

వయసు పైబడ్డవాళ్లలో చాలామందికి చీకటి ఒక్కటే సరిపోదు, కంటిపాపను పెద్దది చేసే ట్రాపికమైడ్ చుక్కలు వేయాల్సి వస్తుంది. డాక్టరు రాసిచ్చిన పద్ధతి చేతిలో లేకుండా టెక్నీషియన్ సొంతంగా వేయకూడదు. కంటి లోపలి స్థలం ఇరుకుగా ఉన్నవాళ్లకు ఈ చుక్కలతో కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు, కాబట్టి వేసే ముందే టార్చితో పక్కనుంచి చూసి ఇరుకుగా లేదని నిర్ధారించుకోవాలి. వేశాక ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపకూడదు. ఈ మాట క్యాంపుకు రమ్మని పిలిచేటప్పుడే చెప్పాలి, వచ్చాక కాదు. ఇంటికి వెళ్లాక కన్ను ఎర్రబడి నొప్పి, వాంతులు వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లమనాలి.

చెన్నైలో తెలుగువాళ్ల పేర్లతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన ఇనిషియల్ ఇంటిపేరుది, తమిళనాడులో నాన్న పేరుది. ఒకే లక్ష్మమ్మగారు ఒక చోట కె. లక్ష్మమ్మగా, ఇంకో చోట వి. లక్ష్మమ్మగా నమోదైతే పోయిన ఏటి ఫోటో దొరకదు. పోల్చి చూడడానికి పాతది లేకపోతే జబ్బు ఎంత ముదిరిందో తెలియదు. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే అది కొడుకుది, భార్యాభర్తలిద్దరికీ అదే రాసి ఉంటుంది. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే అది రాయండి. లేకపోతే పుట్టిన సంవత్సరం, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఫోను నాలుగూ తీసుకోండి. ఏ రాష్ట్రపు రేషన్ కార్డో కూడా అప్పుడే అడగాలి. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో వచ్చినవాళ్లకు తమిళనాడు ముఖ్యమంత్రి బీమా వర్తించదు, ఆ సంగతి ఆసుపత్రి కౌంటరు దగ్గర తెలిస్తే వెనక్కి వెళ్లిపోతారు.

ఫలితం చెప్పే మాటలు ముందే రాసి పెట్టుకోవాలి. "కన్ను బాగుంది" అనడం తప్పు. ఇలాంటి ఏఐ చాలావరకు షుగర్ దెబ్బ ఒక్కటే వెతుకుతుంది, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా గురించి చెప్పదు. "షుగర్ వల్ల రెటీనాకు దెబ్బ కనిపించలేదు, వచ్చే ఏడు మళ్లీ తీద్దామమ్మా" అనాలి. ఫోటో చదవడానికి వీలు కాలేదని వస్తే దాన్ని నార్మల్ కింద వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చదవలేని కంట్లో శుక్లమో రక్తస్రావమో ఉండే అవకాశం ఎక్కువ, వాళ్లను తప్పకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇంత శ్రమా వృథా అయ్యేది పంపిన మనిషి వెళ్లనప్పుడు. నొప్పి లేదు, చూపు బాగానే ఉంది, ఎందుకు వెళ్తారు? సాయంత్రం ఫోటోలు అప్‌లోడ్ చేసి మర్నాడు ఫోను చేద్దామనుకుంటే సగం పని అక్కడే పోతుంది. నెట్ లేకున్నా ఫోన్‌లోనే ఫలితం చెప్పే ఏఐకి ఎక్కువ డబ్బు పెట్టడం సబబని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మనిషి ఎదురుగా ఉండగానే ఫోటో తెరమీద చూపించి, ఎర్ర చుక్కలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపాలి. లేజరు చికిత్స పోయిన చూపును తేదు, ఉన్నదాన్ని కాపాడుతుందన్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి. లేకపోతే లేజరు చేయించుకున్నా చూపు పెరగలేదని నిరాశపడి రెండోసారి వెళ్లరు.

చీటీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ఓపీ, ఏ కాగితాలు. దాని వెనక డాక్టరు కోసం జబ్బు ఏ దశలో ఉందో చెప్పే గ్రేడు ఇంగ్లీషులో రాయాలి. ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నుంచి ఉంది, రైల్వే స్టేషన్‌కు దగ్గరే. అయినా తమిళం చదవలేని పెద్దావిడకు లోపల ఏ గదికి వెళ్లాలో తెలియకపోతే అంత దగ్గరగా ఉండీ లాభం లేదు. మూడో రోజున తెలుగు వచ్చినవాళ్లే ఫోను చేయాలి. "వెళ్లారా" అని అడిగితే "ఆ, వెళ్తాం" అంటారు. "ఓపీ చీటీ మీద నంబరు చదవండమ్మా" అంటే వెళ్లిందీ లేనిదీ తెలుస్తుంది.