నాన్-కంపీట్ సంతకం నుంచి బయటపడేదాకా: నా అనుభవం

2021లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో, అంటే తన మనుషుల్ని వేరే కంపెనీల (క్లయింట్ల) పనికి పంపే సంస్థలో, హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద చేరాను. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే డాక్యుసైన్‌లో 19 పేజీల ఉద్యోగ ఒప్పందం వచ్చింది. మా బాబుకి అప్పుడు నాలుగేళ్ళు. వాడికి అన్నం పెడుతూ, ఫోన్‌లో పసుపు రంగు గుర్తు కనిపించిన చోటల్లా నొక్కుకుంటూ పోయాను. పదకొండో పేజీలో నాన్-కంపీట్, అంటే ఉద్యోగం మానేశాక ఫలానా చోట్ల చేరకూడదనే షరతు, ఉంది. అందులో ఏం రాసుందో మూడేళ్ళ తర్వాత గానీ చదవలేదు.

2024 మార్చిలో మా క్లయింట్ మేనేజర్ నన్ను ఫుల్‌టైమ్‌లోకి, అంటే తమ సొంత ఉద్యోగిగా, తీసుకుంటానని అడిగింది. ఆ క్లయింట్ ఒక హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ. రెండున్నరేళ్ళుగా వాళ్ళ డేటా పైప్‌లైన్లు చూస్తున్నాను. జీతం బాగా పెరుగుతుంది, ముగ్గురికీ మంచి ఇన్సూరెన్స్ వస్తుంది. సంతోషంగా మా కన్సల్టెన్సీ ఓనర్‌కి ఫోన్ చేశాను. ఆయన మా జిల్లా మనిషే, అందరం అన్నా అనే పిలుస్తాం.

"అన్నా, క్లయింట్ వాళ్ళు ఫుల్‌టైమ్ ఇస్తామంటున్నారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పదకొండో పేజీ చూసుకున్నావా అమ్మా?" అన్నాడు.

ఆ రాత్రి చూశాను. ఉద్యోగం మానేశాక 12 నెలలపాటు నేను పనిచేసిన ఏ క్లయింట్ దగ్గరా చేరకూడదు. అంతేకాదు, అమెరికాలో ఎక్కడైనా సరే, మా కన్సల్టెన్సీ చేసే పనిలాంటి పని చేయించుకునే ఏ కంపెనీలోనూ చేరకూడదు. చేరితే 15,000 డాలర్లు కట్టాలి. మర్నాడు ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: నువ్వు వెళ్ళిపోతే నీ ఐ-140 వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఐ-140 అంటే నా గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన పిటిషన్.

రెండు రాత్రులు నిద్ర లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఈ టెన్షన్ ఎలాంటిదో తెలుసు. ఉద్యోగం పోతే 60 రోజులు. ఆలోగా ఇంకో ఎంప్లాయర్ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. మా వారు హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-1బి వాళ్ళ భార్యాభర్తలకి ఇచ్చే పని అనుమతి, మీద పనిచేస్తున్నారు, ఆయన కాగితం కూడా నా కాగితం మీదే ఆధారపడి ఉంది. కోర్టులో ఓడిపోతానని కాదు నా భయం. కోర్టుదాకా వెళ్ళడానికి డబ్బూ లేదు, వీసాలో టైమూ లేదు. మేనేజర్‌కి కొంచెం ఆగమని చెప్పి ఊరుకున్నాను.

సరిగ్గా నెల తర్వాత, ఏప్రిల్ 23న ఆ వార్త వచ్చింది. వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉండేలా చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, లీనా ఖాన్ చైర్మన్‌గా ఉండగా 3-2 ఓట్లతో నాన్-కంపీట్ ఒప్పందాలను దేశమంతా నిషేధిస్తూ రూల్ చేసింది. అమెరికాలో సుమారు 3 కోట్ల మంది, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు, ఇలాంటి సంతకం కింద ఉన్నారని వాళ్ళ అంచనా. పెద్ద పెద్ద ఇంజనీర్ల సంగతే కాదు. జిమ్మీ జాన్స్ అనే శాండ్‌విచ్ షాపులవాళ్ళు శాండ్‌విచ్‌లు చేసే పిల్లలతో కూడా ఇలాంటివి సంతకం పెట్టించారని 2014లో బయటపడింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు సిగ్గు కొంచెం తగ్గింది, చదవకుండా సంతకం పెట్టింది నేనొక్కదాన్నే కాదని.

కొత్త రూల్ సెప్టెంబర్ 4 నుంచి అమలు. పాత ఒప్పందాలు కూడా చెల్లవు. కంపెనీ విధానాలు నిర్ణయించే స్థాయిలో ఉండి ఏడాదికి 1,51,164 డాలర్ల పైన సంపాదించేవాళ్ళ పాతవి మాత్రమే మిగులుతాయి. నేను ఆ కోవలోకి రాను. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో సెప్టెంబర్ 4 చుట్టూ గీత గీశాను. మేనేజర్ కూడా ఆ తేదీదాకా పోస్టు ఆపిస్తానని మాటిచ్చింది.

రూల్ వచ్చిన రోజే డాలస్‌కే చెందిన ర్యాన్ అనే ట్యాక్స్ సంస్థ కోర్టుకెళ్ళింది. యూఎస్ చాంబర్ ఆఫ్ కామర్స్ అనే వ్యాపారుల సంఘం కూడా అందులో చేరింది. జూలై 3న జడ్జి ఏడా బ్రౌన్ ఆ రూల్‌ని ఆపారు గానీ, కేసు వేసినవాళ్ళ వరకే. మా ఆఫీసులో అందరం ఇంకా ఆశగానే ఉన్నాం. ఆగస్టు 20న దేశమంతటికీ కొట్టేశారు. ఆ కోర్టు మా అపార్ట్‌మెంట్ నుంచి అరగంట దూరం, డౌన్‌టౌన్‌లో. ఇంకో పదిహేను రోజుల్లో అమలు కావాల్సింది.

తీర్పులో నాన్-కంపీట్ మంచిదని ఎక్కడా అనలేదు. ఇలాంటి రూల్ చేసే అధికారం కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఎఫ్‌టీసీకి ఇవ్వలేదన్నారు, అందరికీ ఒకే గాటన నిషేధం పెట్టడానికి తగిన కారణాలు చూపలేదన్నారు. కానీ ఆ సాయంత్రం నాకు ఆ తేడాతో పని లేదు. క్యాలెండర్ చింపేశాను. ఐదు నెలలు ఊరికే కూర్చున్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పుడుగానీ లాయర్ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళడం కూడా మొదట తప్పు చోటికి వెళ్ళాను, ఇమ్మిగ్రేషన్ అటార్నీ దగ్గరికి. ఆవిడ ఒక్క భయం మాత్రం తీర్చింది. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, ఎంప్లాయర్ వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ వరసలో మన స్థానం చెప్పే తేదీ, పోదు, దాని ఆధారంగా హెచ్-1బి పొడిగింపూ ఆగదు. నాది 2022లోనే అప్రూవ్ అయింది. ఆ మెసేజ్ పంపినప్పుడు ఆయనకి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసే పంపాడని నా నమ్మకం. మిగతా దానికి ఉద్యోగ చట్టాలు చూసే లాయర్ కావాలని ఆవిడే చెప్పింది.

రెండో లాయర్ గంటకి 400 డాలర్లు తీసుకున్నాడు. 19 పేజీలూ నా ముందే చదివాడు. టెక్సాస్‌లో నాన్-కంపీట్ చెల్లుతుంది గానీ కాలం, ప్రాంతం, పని పరిధి, మూడూ సమంజసంగా ఉండాలి. ఆ సంతకానికి బదులు కంపెనీ రహస్య సమాచారం లాంటిదేదో మనకి ఇచ్చి ఉండాలి. అమెరికా అంతటా ఏ కంపెనీలోనూ అనేది నిలబడదన్నాడు. అయితే ఇక్కడి జడ్జి దాన్ని చించెయ్యడు, సమంజసమైనంత వరకు కుదించి అమలు చేస్తాడు. అలా కుదించక ముందు జరిగినదానికి నష్టపరిహారం ఇప్పించడం మాత్రం కుదరదు. హద్దు మీరిందని తెలిసి కూడా ఎంప్లాయర్ అమలు చెయ్యాలని చూస్తే మన లాయర్ ఖర్చులు వాళ్ళమీద పడొచ్చు. 15,000 సంగతి అడిగాను. హెచ్-1బి ఉద్యోగి ముందే మానేసినందుకు జరిమానా వసూలు చెయ్యడం ఫెడరల్ నిబంధనల ప్రకారం కుదరదు, నిజమైన నష్టానికి ముందే వేసిన అంచనా అయితేనే అడగొచ్చు, అది ఏదో తేల్చేది రాష్ట్ర చట్టం అన్నాడు.

"కానీ అదే క్లయింట్ దగ్గర చేరకూడదన్న భాగం చిన్నది. దాన్ని కోర్టు ఒప్పుకునే అవకాశం ఉంది," అన్నాడు. నా గొడవంతా ఆ చిన్న భాగంతోనే కదా.

ఆ వారంలోనే ఖమ్మంలో అడ్వకేటుగా ఉన్న మా బాబాయికి ఫోన్ చేశాను. "ఇక్కడైతే ఇదంతా లేదమ్మా, కాంట్రాక్ట్ యాక్ట్ 27వ సెక్షన్ ఒక్కటి చాలు. ఉద్యోగం మానేశాక పని చెయ్యొద్దనే షరతు చెల్లదు," అన్నాడు. ఆ చట్టం 1872 నాటిది. కాలిఫోర్నియాలో కూడా నాన్-కంపీట్ మీద నిషేధం ఉందని మా లాయర్ చెప్పాడు, అదీ 1872దే. రెండింటికీ మూలం న్యూయార్క్ కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే లాయర్ తయారుచేసిన చట్టం ముసాయిదా అని బాబాయే చెప్పాడు. న్యూయార్క్ మాత్రం దాన్ని తీసుకోలేదు. ఖమ్మంలో చెల్లని కాగితం, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో చెల్లని కాగితం ఇర్వింగ్‌లో నా గొంతు మీద ఉందన్నమాట.

దారి చూపించింది మాత్రం ఏ చట్టమూ కాదు, లాయర్ అడిగిన ఒక చిన్న ప్రశ్న. "మీ కంపెనీకి క్లయింట్‌తో నేరుగా కాంట్రాక్ట్ ఉందా?" లేదు. మధ్యలో ప్రైమ్ వెండర్, అంటే క్లయింట్‌తో నేరుగా కాంట్రాక్ట్ ఉన్న ఇంకో కంపెనీ, ఉన్నాడు. "అయితే వెండర్‌కీ క్లయింట్‌కీ మధ్య కన్వర్షన్ గురించి ఏం రాసుకున్నారో కనుక్కోండి." కన్వర్షన్ అంటే కాంట్రాక్టర్‌ని క్లయింట్ ఫుల్‌టైమ్‌లోకి తీసుకోవడం. మేనేజర్ ద్వారా క్లయింట్ హెచ్‌ఆర్‌ని అడిగాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. కాంట్రాక్టర్ 18 నెలలు పనిచేశాక క్లయింట్ ఫీజు లేకుండా ఫుల్‌టైమ్‌లోకి తీసుకోవచ్చు. వెండర్ కింద ఉన్నవాళ్ళు కూడా దానికి ఒప్పుకునే సంతకం పెట్టారు. అంటే మా ఓనర్ కూడా. నేనప్పటికి దాదాపు మూడేళ్ళుగా అక్కడున్నాను.

లాయర్ ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాడు. అందులో బెదిరింపు లేదు, ఆ క్లాజు నంబర్, తేదీలు, అంతే. తొమ్మిదో రోజున ఓనర్ ఫోన్ చేశాడు.

ఆయన మాటలు కూడా రాయాలి. "నీకు ప్రాజెక్ట్ లేనప్పుడు రెండు నెలలు జీతం ఇచ్చానమ్మా. గ్రీన్‌కార్డ్ ఖర్చులు పెట్టుకున్నాను. నీ బిల్లింగ్ పోతే ప్రాజెక్ట్ లేకుండా బెంచ్ మీదున్న ఇద్దరిని ఎలా పోషించాలి?" అన్నాడు. గొంతులో నిజంగానే అలసట ఉంది. చిన్న కంపెనీకి ఒక మనిషి వెళ్ళిపోవడం చిన్న దెబ్బ కాదని నాకు తెలుసు. కానీ బెంచ్ మీద జీతం ఇవ్వడం హెచ్-1బి చట్టం పెట్టిన బాధ్యత. తన నష్టం గురించి క్లయింట్‌తో, వెండర్‌తో రాసుకోవాలి, ఫీజు అడగాలి. కంపెనీ సమాచారం బయటపెట్టొద్దని నాతో రాయించుకోవచ్చు, ఆ కాగితం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఇప్పటికీ దానికి కట్టుబడే ఉన్నాను. నేను ఎక్కడ పనిచేసుకుని బతకాలో కూడా ఆయన చేతిలో ఉండడం నేను ఒప్పుకోను. ఆ క్లాజు ఒక్కసారి కూడా కోర్టు మెట్లెక్కలేదు, అయినా నన్ను ఏడు నెలలు కదలనివ్వలేదు. నిషేధం పూర్తిగా ఉండాలని నేననేది అందుకే. ఒక్కో కేసూ జడ్జి చూస్తాడులే అంటే, నాలాంటివాళ్ళు జడ్జిదాకా వెళ్ళం.

నాలుగు వారాల నోటీసు ఇచ్చాను. నా పని ఇంకొకరికి నేర్పాను. ఆయన రిలీజ్ లెటర్ మీద సంతకం పెట్టాడు. డబ్బు చేతులు మారలేదు. నవంబర్ మొదటి వారంలో హెచ్-1బి ట్రాన్స్‌ఫర్ రిసీట్ రాగానే క్లయింట్ దగ్గర చేరాను. గ్రీన్‌కార్డ్‌కి మొదటి మెట్టయిన పర్మ్ మళ్ళీ మొదటినుంచి మొదలైంది, ప్రయారిటీ డేట్ అలాగే ఉంది. కొత్త ఆఫర్ కాగితాలు ఈసారి ప్రింట్ తీసుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ రెండుసార్లు చదివాను.

2025 సెప్టెంబర్ 5, శుక్రవారం. డాలస్ కోర్టు తీర్పు మీద వేసిన అప్పీల్‌ని ఎఫ్‌టీసీ తనే వెనక్కి తీసుకుంటోందని వార్త వచ్చింది. పాత కన్సల్టెన్సీలో నాతో పనిచేసిన తమ్ముడొకడు ఆ లింక్ వాట్సాప్‌లో పంపాడు. కింద, "అక్కా, ఇంక మనకి దారి లేనట్టేనా?" అని రాశాడు. వాడి కాగితాల్లోనూ అదే పదకొండో పేజీ.

వెంటనే ఫోన్ చేశాను. "ఐ-140 ఎప్పుడు అప్రూవ్ అయింది? ప్రైమ్ వెండర్ ఎవరు? కన్వర్షన్ గురించి క్లయింట్ హెచ్‌ఆర్‌ని అడిగావా?"

"అడగలేదక్కా. అడగొచ్చని తెలీదు."

"సోమవారం అడుగు. ఈలోపు ఆ 19 పేజీలూ నాకు పంపు," అన్నాను. మేం ఫోన్ పెట్టేసేలోపే పీడీఎఫ్ వచ్చింది.