దారి లేని కొండ, తొలి మంచు

ఆకులు రాలే కాలంలో కొండెక్కడమంటే నాకు ప్రాణం, కింద అడవంతా ఎరుపూ పసుపూ, పైన శిఖరం అప్పటికే తెల్లగా ఉంటుంది. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గిపోతుంది కదా, అందుకే కింద వాన పడ్డ రోజే పైన మంచు పడుతుంది. మొన్న కాలిబాట అయిపోయాక చివరి అర కిలోమీటరు సూదుల్లాంటి ఆకులుండే ఫర్ చెట్ల మధ్య దూరుకుంటూ వెళ్లాం, దానికే రెండు గంటలు పట్టింది! కొమ్మ పక్కకి నెడితే చాలు, మీదున్న మంచంతా మెడలోంచి లోపలికి జారి వీపంతా తడి. కాటన్ బట్టలు మాత్రం అస్సలు వద్దండీ, తడిస్తే త్వరగా ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. ఇంకోటి, చిన్న చెట్ల చుట్టూ మంచు కింద డొల్లగా ఉంటుంది, గట్టి నేలే అనుకుని అడుగేశా, నడుం దాకా దిగిపోయా, ఫ్రెండ్ చెయ్యిచ్చి లాగితే గానీ బయటికి రాలేదు. పొద్దు కూడా త్వరగా వాలిపోతుంది కాబట్టి ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాం, తలకి కట్టుకునే లైటు, హెడ్‌ల్యాంప్, ఎలాగూ ఉండాల్సిందే. పన్నెండున్నరకి పైకి చేరాం. రాళ్ల మీద మంచు ఈకల్లా పేరుకుని ఉంది, గాలి ఎటు నుంచి వీస్తే అటువైపుకే పెరుగుతాయవి, గ్లవ్ తీసి ఒకదాన్ని ముట్టుకున్నా, పుటుక్కున విరిగి అరచేతిలో కరిగిపోయింది.