ఎరుపు మీద ఆరని సిలికాన్: బరంపురంలో రెండు పొరల లేబుల్ చేసిన అనుభవం

బరంపురంలో పచ్చళ్ళకీ అప్పడాలకీ లేబుళ్ళు వేసే చిన్న ఫ్లెక్సో ప్రెస్ (మెత్తటి ప్లేట్లతో రోల్ మీద అచ్చు వేసే యంత్రం) మాది. వచ్చే పని ఎప్పుడూ ఒకటే: స్టిక్కర్ రోల్ మీద నాలుగు రంగులు, పైన వార్నిష్, ఆ తర్వాత కటింగ్. ఒక పచ్చళ్ళ కంపెనీ నడిపే పిన్నిగారు మాత్రం కొత్త కోరిక పట్టుకొచ్చారు. రూలు ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. ఆవిడ సరుకేమో అటు ఒడిశాలోని ఛత్రపురానికీ, ఇటు ఆంధ్రాలోని ఇచ్ఛాపురానికీ పోతుంది. కాబట్టి లోపలి పొరలో ఒడియా, తెలుగు కూడా కావాలి. "మూల పట్టి లాగితే లెగాలి, చదివేసి నొక్కితే మళ్ళీ అంటుకోవాలి. అవుద్దేటి బాబూ?" అన్నారు. అవుతుందన్నాను.

పద్ధతి వినడానికి తేలికే. కింది లేబుల్ అచ్చు వేసి, ఒక అంచు వదిలి మిగతా అంతటా సిలికాన్ పూయాలి. దాని మీద గమ్ ఉన్న రెండో పొర అతికించాలి. సిలికాన్ ఉన్నచోట గమ్ పట్టు వదిలేస్తుంది, ఖాళీ అంచులో గట్టిగా పట్టుకుంటుంది. ఆ అంచే మడతబందు. పూత చదరపు మీటరుకు ఒక గ్రాము దగ్గరగా ఉంటే చాలు.

స్టిక్కర్ వెనకాల కాగితానికి పెద్ద ఫ్యాక్టరీల్లో ఎక్కువగా ప్లాటినం ఉత్ప్రేరకంతో, వేడి ఓవెన్‌లో సిలికాన్ ఆరబెడతారు. మా దగ్గర అంత పొడుగు ఓవెన్ లేదు, ఉన్నా పల్చటి ఫిల్మ్ ఆ వేడికి ముడుచుకుపోతుంది. సిరా ఆరబెట్టే యూవీ దీపాలు మాత్రం ఉన్నాయి. యూవీకి ఆరే సిలికాన్ ప్రధానంగా రెండు రకాలు. అక్రిలేట్ రకానికి ఆక్సిజన్ పడదు. దీపం కింద నైట్రోజన్ నింపి, ఆక్సిజన్‌ని పది లక్షల భాగాల్లో 50కి లోపు ఉంచాలి. ఎపాక్సీ రకానికి ఆ గొడవ లేదు. అందులో కలిపే అయోడోనియం లవణం వెలుతురు తగలగానే బలమైన ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లం ఎపాక్సీ వలయాలను తెరిచి గొలుసు కడుతుంది. దీపం దాటాక కూడా ఆ పని కొంతసేపు సాగుతూనే ఉంటుంది. ఎలక్ట్రాన్ బీమ్ యంత్రమైతే అక్రిలేట్ రకానికి వెలుతురుతో పనిచేసే మందు అక్కర్లేదు, ఎలక్ట్రాన్లు నేరుగా పని కానిస్తాయి. కానీ దానికీ నైట్రోజన్ కావాలి, ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా కవచం కావాలి. అది మా స్థాయి మాట కాదు.

ఎపాక్సీ రకమే తెప్పించాం. అదే సమయంలో ఒకాయన వచ్చి, పాత మెర్క్యురీ దీపాలు తీసేసి 395 నానోమీటర్ల ఎల్‌ఈడీ పెట్టుకోమన్నాడు. కరెంటు ఆదా నిజమే. కానీ మామూలు అయోడోనియం లవణం వెలుతురు పీల్చుకునేది చాలావరకు 300కి లోపే. మెర్క్యురీ దీపానికి 254 దగ్గర వచ్చే కాంతి దానికి సరిపోతుంది, 395 పనికిరాదు. ఈ సంగతి అమ్మేవాళ్ళు అడిగితేగానీ చెప్పరు.

ఖాళీ పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) ఫిల్మ్ మీద పూత చక్కగా ఆరింది. మార్కర్‌తో గీత గీస్తే నిలవక చుక్కలుగా విడిపోయింది. అదే అచ్చు వేసిన రోల్ మీదకి వచ్చేసరికి పసుపు, ఆకుపచ్చ బాగానే ఉన్నాయి గానీ, మిరపకాయ బొమ్మ ఎరుపు మీద మాత్రం వేలికి నూనెలాంటి జిడ్డు తగిలింది. అక్కడ టేపు అంటించి తీసి, దాన్ని దానిమీదే మడిస్తే అతుక్కోలేదు. ఆరని సిలికాన్ టేపు గమ్‌కి ఎక్కేసిందన్నమాట. మర్నాడు చూసినా అంతే. దీపం పవర్ పెంచాం, స్పీడు తగ్గించాం. ఎరుపు మారలేదు.

ఆ ఎరుపు వేరే సిరీస్‌ది. సరఫరాదారుని గట్టిగా నిలదీస్తే తేలిందేమిటంటే, అందులో అమీన్ సినర్జిస్ట్ అనే, సిరా ఆరడానికి తోడ్పడే రసాయనం ఉంది. మామూలు యూవీ సిరాలో ఆక్సిజన్ దెబ్బ తట్టుకోవడానికి అది వేస్తారు. సిరాకి మంచిదే. కానీ అమీన్ క్షారం, మా సిలికాన్ ఆరేదేమో ఆమ్లంతో. పుట్టిన ఆమ్లాన్ని పుట్టినచోటే కింద ఉన్న సిరా తినేస్తోంది. దీపం ఎంత వెలిగించి ఏం లాభం? అమీన్ లేని ఎరుపు తెప్పించగానే జిడ్డు పోయింది. సున్నపురాయి పొడి కలిసిన కాగితంతోనూ ఇదే తంటా, అందుకే ఈ పనికి కాగితం మానేసి పీపీకే కట్టుబడ్డాం.

తర్వాత వానలు మొదలయ్యాయి. గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గరే. గాలిలో తేమ పెరిగితే ఎపాక్సీ సిలికాన్ మందకొడిగా ఆరుతుంది, నీరు మధ్యలో దూరి గొలుసు పెరగనివ్వదు. ప్రెస్ గదికి తలుపు బిగించి, ఏసీ, డీహ్యుమిడిఫయర్ పెట్టాం. దీపం వెనక రిఫ్లెక్టర్ మీద పేరుకున్న మసి తుడిస్తే వచ్చిన తేడా అన్నింటికంటే ఎక్కువ. దీపం కంటికి వెలుగుతూనే కనబడుతుంది, యూవీ ఎంత తగ్గిందో మీటరు పెడితేగానీ తెలీదు.

సిలికాన్‌కి చివరి యూనిట్ కేటాయించి, దాని అనిలాక్స్ రోలర్ (పూతని కొలతగా అందించే రోలర్), డాక్టర్ బ్లేడ్ (ఆ రోలర్ మీద ఎక్కువైంది గీకేసే పట్టీ), తుడిచే గుడ్డ కూడా విడిగా ఉంచాం. ఒక్క చుక్క సిలికాన్ సిరా యూనిట్‌లో పడితే చాలు, ఆ రంగు ఫిల్మ్ మీద నిలవక చిల్లులు పడుతుంది. కుర్రాళ్ళు ఒక్కోసారి విసుక్కుంటారు గానీ ఇందులో నేను రాజీ పడను.

ఇంకో తలనొప్పి: పైపొర మరీ సులువుగా ఊడిపోయి, గుండ్రటి సీసా మీద దాని మూల తనంతట తనే లేచిపోయేది. సిలికాన్‌లో పట్టు పెంచే అడిటివ్ కొంచెం కలిపి, పైపొరకి మరింత పల్చటి, మెత్తటి ఫిల్మ్ వాడితే అణిగింది.

మొదటి లాటు పంపాక పిన్నిగారు ఫోన్ చేశారు. లేబుల్ బాగుందట, కానీ "పచ్చడి తిన్న చేత్తో మూల లాగితే ఆ గమ్ మళ్ళీ అంటుకోదు కదా బాబూ" అన్నారు. నిజమే, నూనె పడితే ఏ గమ్మైనా అంతే. రెండో లాటుకి ఆ మూలలో వేలు పట్టేంత మేర గమ్ మీద వార్నిష్ వేసి జిగురు చంపేశాం. ఇప్పుడు లాగేచోట గమ్ వేలికి తగలదు. దానికోసం అదనంగా ఒక ప్లేటు చేయించాల్సొచ్చింది, ఆ డబ్బు ఇంకా రావాలి.