కర్నూలు ఎండల్లో కంప్యూటరు వేగం: ర్యామ్‌ను పెంచాను, ప్రాసెసర్‌ను తగ్గించాను

ర్యామ్ పెట్టె మీద వేగం 3200 (సెకనుకు ఇన్ని మిలియన్ల డేటా బదిలీలు) అని అచ్చువేసి ఉన్నంత మాత్రాన అది ఆ వేగంతో నడుస్తుందని అనుకోనక్కరలేదు. డీడీఆర్4 ర్యామ్‌లలో చాలావాటిని బిగించగానే మదర్‌బోర్డు వాటిని 2133, 2400 వంటి సాధారణ వేగానికే పరిమితం చేస్తుంది. పెట్టె మీది వేగం రావాలంటే కంప్యూటరు ఆన్ చేయగానే తెరవగలిగే బోర్డు సెట్టింగులైన బయోస్‌లోకి వెళ్లి, ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్‌ను (తయారీదారు ర్యామ్‌లో ముందే దాచిన వేగపు అమరికను) మనమే ఎంచుకోవాలి. డీడీఆర్5 వాడే ఏఎండీ బోర్డులలో ఇదే పనికి 2022లో ఎక్స్‌పో వచ్చింది. మీ ర్యామ్ ఎంత వేగంతో నడుస్తున్నదో విండోస్ టాస్క్ మేనేజర్‌లో, పెర్ఫార్మెన్స్ కింద మెమరీని నొక్కితే కనిపిస్తుంది. కంప్యూటరు భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో 3200కు బదులు 1600 కనిపిస్తే కంగారు పడవద్దు. గడియారపు ఒక్కో చక్రంలో రెండుసార్లు డేటా కదులుతుంది కాబట్టి రెండూ ఒకటే.

నాది ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 3600, బీ450 బోర్డు. ఈ తరం రైజెన్‌లో ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ సాధారణంగా ర్యామ్ గడియారంతో సమానంగా నడుస్తుంది కనుక, ర్యామ్‌ను మందకొడిగా వదిలేస్తే ప్రాసెసర్ కూడా కొంత నష్టపోతుంది. వేగం ఒక్కటే చూసి కొనడం కూడా సరికాదు: 3200 వద్ద సీఎల్16 (సీఎల్ అంటే అడిగిన డేటా అందేలోపు గడిచే గడియారపు చక్రాల సంఖ్య) అంటే 10 నానోసెకన్ల ఆలస్యం, అదే వేగం వద్ద సీఎల్22 అయితే 13.75 నానోసెకన్లు. ఇక ఒకే 16 జీబీ ర్యామ్ కర్రకు బదులు రెండు 8 జీబీ కర్రలను, నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో పెడితే సిద్ధాంతరీత్యా బ్యాండ్‌విడ్త్ (డేటాను మోసే సామర్థ్యం) సెకనుకు 25.6 నుంచి 51.2 జీబీకి పెరుగుతుంది. ఎక్స్‌ఎంపీతో ర్యామ్ వోల్టేజీ 1.2 నుంచి సాధారణంగా 1.35కు చేరుతుంది, అది ఆ ర్యామ్‌కు తయారీదారు నిర్ణయించిన విలువే.

ప్రాసెసర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. వేగం పెంచమని చెప్పే వీడియోలలో చాలావరకు ఏసీ గదులలో తీసినవి. ఏప్రిల్, మే నెలలలో కర్నూలులో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మిద్దె మీది గది అయితే రాత్రి పొద్దుపోయినా సెగ తగ్గదు. ఎంత ఖరీదైన కూలరైనా ప్రాసెసర్ వేడిని గదిలోని గాలికే అప్పగించాలి తప్ప, ఆ గాలి కంటే చల్లబరచలేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. పైగా చిప్ వాడే విద్యుత్తు వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, చివరి వంద, రెండు వందల మెగాహెర్ట్జ్ కోసం చెల్లించే మూల్యం చాలా ఎక్కువ.

అదే లెక్కను తిరగేస్తే మనకు లాభం. నా రైజెన్ 3600 టీడీపీ (కూలర్ ఎంపికకు తయారీదారు చెప్పే వేడి అంకె) 65 వాట్లే అయినా, దాని విద్యుత్ పరిమితి అయిన పీపీటీ 88 వాట్లు. బయోస్‌లో పీబీఓను (ప్రాసెసర్ విద్యుత్ పరిమితులను మార్చే ఏఎండీ సెట్టింగును) మాన్యువల్‌కు మార్చి, ఆ పీపీటీని 65కు తగ్గించాను. వీడియో ఎడిటింగ్ వంటి అన్ని కోర్లనూ వాడే పనులలో కొంత ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ బ్రౌజర్‌లో, టైపింగ్‌లో, మామూలు ఆటలలో తేడా నాకు తెలియలేదు, ఫ్యాను రొద మాత్రం తగ్గింది. ఇన్వర్టర్ మీద నడిపే ఇళ్లకు ఇది మరింత ఉపయోగం. ఇంటెల్ బోర్డులలో ఇదే పరిమితిని పీఎల్1, పీఎల్2 అన్న పేర్లతో వెతకండి.

మార్పులన్నీ ఒకేసారి చేయకుండా, ముందు ఎక్స్‌ఎంపీ పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడిపించి, ఒక్క తప్పు కూడా రాలేదని చూసుకున్న తర్వాతే ప్రాసెసర్ జోలికి వెళ్లాలి. ఒక్క తప్పు వచ్చినా వేగాన్ని ఒక మెట్టు తగ్గించండి. పాడైన ర్యామ్ డేటా ఫైళ్లలోకి చేరితే ఏ ఫొటో ఎప్పుడు చెడిందో కనిపెట్టడం కష్టం. తెర అసలే రాకపోతే కరెంటు తీసేసి, బోర్డు మీద బయోస్ సెట్టింగులను చెరిపే క్లియర్ సీమాస్ పిన్నులను కలిపితే బోర్డు మొదటి విలువలు తిరిగి వస్తాయి. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినప్పుడు కూడా కొన్ని బోర్డులలో ఇదే జరుగుతుంది. కాబట్టి కంప్యూటరులో తేదీ, సమయం తప్పుగా కనిపించిన రోజున బిళ్ల మార్చి, ర్యామ్ మళ్లీ 2133కు పడిపోయిందేమో కూడా చూసుకోండి.