కిటికీకి ఇవతలి వైపు

"సాయంత్రం సర్జరీకి వెళ్తున్నా నాన్నా, రావడం ఆలస్యమవుతుంది" అని మా అమ్మాయి మొదటిసారి ఫోనులో చెప్పినప్పుడు మా ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంగ్లండులో డాక్టరు గారి క్లినిక్కునే సర్జరీ అంటారని, తను వెళ్తున్నది ఒక మీటింగుకని తెలిశాక గానీ మా టెన్షన్ తగ్గలేదు. ఆస్పత్రిలో మీటింగుకు నువ్వెందుకమ్మా అని అడిగితే "నేను అక్కడ పేషెంటుని కదా, అందుకే" అంది. ఆ జవాబు నాకు బోధపడలేదు. నేను 31 ఏళ్ళు మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేశాను. ఊళ్ళో వాళ్ళకు కాంపౌండర్ గారిని. నాకు తెలిసి పేషెంటంటే చీటీ పట్టుకుని వచ్చేవాడు, మందులు తీసుకుని వెళ్ళేవాడు. మీటింగుకు వచ్చే పేషెంటును నేను చూడలేదు.

మొన్న అక్టోబరులో మూడు వారాలు వాళ్ళింట్లో ఉన్నాను. అమ్మాయీ అల్లుడూ ఉండేది ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ డేల్స్‌లో, పై లోయల్లో ఒక పల్లె. లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి లీడ్స్‌లో దిగి, అక్కడ సెటిల్-కార్లైల్ లైను మీద వెళ్ళే చిన్న రైలెక్కాలి. సెటిల్ దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల రాతి వంతెన మీదుగా రైలు మెల్లగా వెళ్తుంటే కిటికీకి అతుక్కుపోయాను. 1870లలో, ఈ బురద నేలలో, ఈ గాలిలో దాన్ని కట్టినవాళ్ళను తలుచుకున్నాను. గార్స్‌డేల్ స్టేషనులో నాతో పాటు దిగింది ఇద్దరే. బయట ఒక చిన్న తెల్ల బస్సు ఉంది. దాని పేరే లిటిల్ వైట్ బస్. నడిపే ఆయనకు డెబ్భై ఏళ్ళుంటాయి, జీతం లేకుండా నడుపుతున్నాడట. "ఈ లోయలో మేమే నడపకపోతే ఎవరు నడుపుతారు?" అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మట్టీ సున్నం లేకుండా ఉత్త రాళ్ళు పేర్చి కట్టిన గోడలు కొండ మీదకంటా పాకాయి. వాటి మధ్య నల్ల మొహాల గొర్రెలు. మలుపు తిరిగితే ఫోనులో సిగ్నల్ పోతుంది. ఆ సిగ్నల్ సంగతి సర్జరీలో ఎంత పెద్ద విషయమో నాకప్పటికి తెలియదు.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకు, సర్జరీ మూసేశాక మీటింగు. బయటి మనిషిని రానిస్తారో లేదోనని నేను జంకితే, అమ్మాయి ముందే ఆ పేషెంట్ల గుంపు అధ్యక్షురాలిని అడిగి పెట్టింది. ఆవిడకు 78 ఏళ్ళు, పల్లె బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. "ముప్ఫై ఏళ్ళు మందుల కిటికీ దగ్గర కూర్చున్నారట కదా, రండి" అన్నారు.

సర్జరీ అంటే రెండు అంతస్తుల పాత రాతి ఇల్లు. ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, రిసెప్షను, పక్కన మందులిచ్చే కిటికీ. ఆ దేశంలో మామూలుగా డాక్టరు చీటీ రాస్తే మందులు బయట షాపులో తీసుకోవాలి. మందుల షాపు 1.6 కిలోమీటర్ల కన్నా దూరమైన పల్లెల వాళ్ళకు మాత్రం సర్జరీయే మందులివ్వచ్చు. నా కళ్ళు ముందు ఆ కిటికీ మీదకే పోయాయి. అలవాటు.

మీటింగు మొదలవకముందే ఒక సంగతి జరిగింది. అధ్యక్షురాలు ఎవరింట్లోంచో అడిగి తెచ్చిన వీల్‌చెయిర్ ఒకటి బయట కారు పార్కింగులో పెట్టించారు. సర్జరీ మేనేజరమ్మను అందులో కూర్చుని, ఎవరి సాయం లేకుండా రిసెప్షను దాకా రమ్మన్నారు. మేనేజరు నలభై ఏళ్ళ మనిషి, చురుకైనది, సరేనని కూర్చుంది. కంకరలో చక్రం ఒకసారి దిగబడింది. తలుపు ముందుకు లాగి తెరిచేది. చేత్తో లాగితే చక్రాలు వెనక్కి పోతాయి, చక్రాలు పట్టుకుంటే తలుపు మూసుకుంటుంది. నాలుగోసారికి లోపలికొచ్చింది. రిసెప్షను బల్ల సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తుకు వచ్చింది. బల్ల అవతల రోజూ తను నిలబడే చోటు ఆమెకు కనబడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా లేవలేదు, మీటింగంతా ఆ వీల్‌చెయిర్‌లోనే కూర్చుని నోట్సు రాసుకుంది.

ఈ గుంపును పేషెంట్ పార్టిసిపేషన్ గ్రూప్ అంటారు, పొట్టిగా పీపీజీ. తొమ్మిది మంది పేషెంట్లు, ఒక డాక్టరమ్మ, మేనేజరు. గొర్రెలు కాసే ఒకావిడ, రిటైరైన పోస్టుమాన్, చంటిబిడ్డ తల్లి, మా అమ్మాయి, మిగతావాళ్ళు తలలు నెరిసినవాళ్ళు. డాక్టరమ్మను కూడా అందరూ పేరుపెట్టే పిలిచారు. అది నాకు కాసేపు కొరుకుడు పడలేదు. ఒక నియమం మాత్రం గట్టిది. ఎవరి సొంత జబ్బు సంగతీ, సొంత ఫిర్యాదూ ఇక్కడ ఎత్తకూడదు, దానికి వేరే దారి ఉంది. ఇక్కడ మాట్లాడేది అందరికీ పనికొచ్చేదే.

వాళ్ళు చేసిన పనులు వింటుంటే నాకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. రెండు వారాలు వంతులవారీగా వెయిటింగ్ హాలులో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళనూ "ఇక్కడ మీకు ఏది కష్టంగా ఉంది?" అని అడిగారట. జబ్బు పేరు అడగరు, కష్టమే అడుగుతారు. ఒక ముసలాయన, డాక్టరు తలుపు తీసి పేరు పిలిస్తే వినబడక నలభై నిమిషాలు అలాగే కూర్చుండిపోయానన్నాడు. ఇప్పుడు గోడ మీద పేరు కనబడే తెర ఉంది. చేతులు లేని కుర్చీల్లోంచి లేవలేకపోతున్నామని మోకాళ్ళ నొప్పులవాళ్ళు అన్నారు. సగం కుర్చీలు మార్చారు. గుమ్మంలో నల్ల పట్టా ఉండేదట. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళకు ముదురు రంగు పట్టా ఒక్కోసారి నేలలో గొయ్యిలా కనిపిస్తుంది, అడుగు వెయ్యరు. తన భర్త రోజూ అక్కడే ఆగిపోతున్నాడని ఒకావిడ చెబితే గానీ ఎవరికీ తట్టలేదు. పట్టా తీసేసి నేల రంగులోనే ఇంకొకటి వేశారు. ఇందులో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు పని కాదు. చూసేవాళ్ళు లేకే ఆగిపోయింది.

ఫోను సంగతి ఇంకా పెద్దది. పొద్దున ఎనిమిదింటికి లైన్లు తెరవగానే అందరూ ఒకేసారి ఫోను చేస్తారు. అది దేశమంతా ఉన్న బాధేనట. ఇక్కడ ఫోను ఎత్తగానే రికార్డు చేసిన సందేశం నిమిషంన్నర సాగేది. పోస్టుమాన్ గడియారం పెట్టుకుని కొలిచి, అందులో అక్కరలేనిది కొట్టేసి ఇరవై సెకన్లకు తెచ్చాడు. టెస్టుల ఫలితాల కోసమైతే పదకొండు తర్వాత చెయ్యండన్న మాట ముందుకు తెచ్చాడు. గొర్రెలు కాసే ఆవిడ చెప్పింది వింటే నాకు బస్సులో పోయిన సిగ్నల్ గుర్తొచ్చింది. అపాయింట్‌మెంటు గుర్తుచేసే మెసేజీలు పై పొలాల వాళ్ళకు చేరవు, వాళ్ళు రాలేదని సర్జరీ వాళ్ళు నొచ్చుకుంటారు. ఏ లోయలో సిగ్నల్ లేదో ఆవిడే కూర్చుని రాసిచ్చింది. వాళ్ళ రికార్డుల్లో ఇప్పుడు "ఇంటి ఫోనుకే చెయ్యాలి" అని ఉంటుంది.

రైతులు అసలు డాక్టరు దగ్గరికి రారు, గొర్రెలు ఈనే కాలంలో అయితే మరీను. అందుకని పశువుల సంత రోజున నర్సును బీపీ మిషనుతో సంతలోనే కూర్చోబెట్టమని ఈ గుంపు అడిగింది. మొదటిరోజు గంటసేపు ఎవరూ దగ్గరికి రాలేదట. అప్పుడు గొర్రెలు కాసే ఆవిడే అందరి ముందూ చొక్కా చెయ్యి మడిచి కూర్చుంది. తర్వాత బురద బూట్లతో వరస కట్టారు.

అన్నీ ఒప్పుకున్నారని కాదు. సాయంత్రం ఎనిమిది దాకా తెరవాలని పోస్టుమాన్ పట్టుబట్టాడు. ఉన్న ఇద్దరు డాక్టర్లతో అది కాదని డాక్టరమ్మ చెప్పింది, లెక్కలు చూపించింది. ఆయన మొహం ఎర్రబడింది. ఆమె కూడా అలిసిపోయి ఉంది. ఆ విషయం అలాగే మిగిలిపోయింది. ఇంకొకటి కూడా నాకనిపించింది. తీరిక ఉన్నవాళ్ళే ఇలాంటి గుంపుల్లోకి వస్తారు, తీరిక లేనివాళ్ళ కష్టం వాళ్ళకెలా తెలుస్తుంది? ఇదే మాట అధ్యక్షురాలు తనంతట తనే అన్నారు. హాలులో కూర్చుని అడగడం అందుకేనట, మా అమ్మాయిని పిలిచిందీ అందుకేనట.

చీకట్లో టార్చి వేసుకుని ఇంటికి నడుస్తూ ఆవిడ ఈ గుంపుల కథ చెప్పారు. వాళ్ళ జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, 1948 జులై 5న మొదలైంది. డాక్టరును చూడటానికి డబ్బు కట్టక్కరలేదు గానీ, ఎలా చూడాలో చెప్పే వీలు పేషెంటుకు చాలాకాలం లేదు. 1972లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెరిన్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పీటర్ ప్రిచర్డ్ అనే డాక్టరు తన పేషెంట్లతో ఒక గుంపు కట్టాడు. అలాంటి మొదటి గుంపుల్లో అదొకటి. 1978లో వాళ్ళకు జాతీయ సంఘం వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో ప్రతి సర్జరీకీ ఇలాంటి గుంపు ఉండాలని డాక్టర్ల ఒప్పందంలోనే పెట్టారు. "కాగితం మీద అన్నిచోట్లా ఉంది. మనుషులు ఉన్నచోటే నడుస్తుంది" అన్నారావిడ. మన ఆస్పత్రులకూ అభివృద్ధి సంఘాలున్నాయి, నేనూ ఆ రిజిస్టరులో సంతకాలు పెట్టాను. ఆ మాట ఆవిడతో చెప్పలేకపోయాను.

శనివారం ఫ్లూ టీకాల రోజు. 65 నిండినవాళ్ళకు ఉచితం, అందుకని లోయంతా దిగింది. మా అమ్మాయి పసుపు జాకెట్టు వేసుకుని కార్లకు దారి చూపిస్తోంది. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని చూశాను. పిలుపు కాగితం మీదే "కోటు కింద పొట్టి చేతుల చొక్కా వేసుకు రండి" అని రాయించారు. వరసలో ఉండగానే వాలంటీర్లు కోట్లు విప్పించి చేతికిస్తున్నారు. లోపల నర్సు చేతికి పనిలో ఆలస్యం లేదు.

గుమ్మం పక్కన ఒక బల్ల, దాని మీద కాగితాలు. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళను అక్కడ కేరర్ అంటారు. వాళ్ళ పేర్లు సర్జరీ విడిగా రాసుకుంటుంది, వాళ్ళ ఆరోగ్యం కూడా కనిపెట్టుకుని ఉండటానికి. ఒక పెద్దావిడ భర్త చెయ్యి పట్టుకుని వచ్చింది. అమ్మాయి కాగితం ఇవ్వబోతే "నేను కేరర్ని కాదమ్మా, భార్యను" అంది. అమ్మాయి వాదించలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని అడిగింది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. వెళ్ళేముందు సంతకం చేసింది. చిన్నప్పుడు మందుల గది తలుపు దగ్గర కూర్చుని లెక్కలు చేసుకున్న పిల్ల ఈ పని చేస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

తిరిగొచ్చిన నాలుగో రోజున మా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. కొత్త ఫార్మసిస్టు కుర్రాడు "రండి సార్, లోపల కూర్చోండి" అన్నాడు. లోపలికి వెళ్ళలేదు. కిటికీకి ఇవతల, వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలమ్మ మునికాళ్ళ మీద నిలబడి, కిటికీ గట్టు పట్టుకుని, "ఏ మాత్ర పొద్దున బాబూ?" అని అడుగుతోంది. అతనికి కనబడేది ఆమె వేళ్ళు, నెరిసిన పాపిట. 31 ఏళ్ళు నాకు కనబడిందీ అదే. గట్టు నా ఛాతీ దాకా ఉంది, నేను పొడుగు మనిషిని.

కుర్రాడిని బయటికి పిలిచి ముసలమ్మ పక్కన నిలబడమన్నాను. కాసేపు కిటికీ వైపు చూసి, "కింద ఒక మెట్టు కట్టిద్దామా సార్?" అన్నాడు. "మెట్టెక్కాలంటే నా మోకాళ్ళు రావు నాయనా, ఆ గట్టే దించండి" అంది ముసలమ్మ. మేస్త్రీకి కబురు పెట్టాం. కొలత తీసేటప్పుడు ఆవిడను కూడా రమ్మన్నాను.